నల్లరాయి మీద బొక్కెనలోళ్ళు

జఫర్‌గఢ్‌లో ఆటో ఎక్కితే పావుగంటలో తుమ్మలకుంట వస్తుంది. ఆ ఊళ్ళో బొక్కెనల అనే ఇంటిపేరు ఒకే ఒక్క ఇంటికి ఉంది. ఊళ్ళోనే కాదు, జనగామ నుంచి భూపాలపల్లి దాకా గాలించినా నాలుగు ఇళ్ళకు మించి లేదు. మోట బావుల కాలంలో ఎడ్లు గుంజుతుంటే బావిలోంచి నీళ్ళు పైకి తెచ్చే తోలు బొక్కెన ఉండేది. దాన్ని కుట్టిన చేతులకు ఆ పేరే అంటుకుంది. బావులకు కరెంటు మోటార్లు వచ్చాయి, బొక్కెనలు పోయాయి, పేరు మాత్రం పోలేదు. బడిలో హాజరు పిలిచినప్పుడల్లా వెనక బెంచీ నుంచి ఒక నవ్వు లేచేది. పెంటయ్య చదివిన ఐదు తరగతుల్లోనూ ఆ నవ్వు విన్నాడు. ఇప్పుడు అతని బిడ్డ మనీషా అదే బడిలో పదో తరగతి. నవ్వు ఇంకా అదే బెంచీ మీద కూర్చుని ఉంది.

ఈ ఏడు ఫిబ్రవరిలో బడికి డెబ్బయి ఐదేళ్ళు నిండుతున్నాయని ఊరి పెద్దలు ఉత్సవం తలపెట్టారు. గేటు పక్కన నిలువెత్తు నల్లరాయి పాతించాలని, దాని మీద ఇంటిపేర్ల వారీగా ఊరికి పేరు తెచ్చిన ప్రముఖులను చెక్కించాలని కమిటీ తీర్మానం. ఆ కమిటీకి పెద్ద, ఊరి పటేలు. ఒక ఇంటిపేరు రాయి ఎక్కాలంటే కనీసం ముగ్గురు ప్రముఖులుండాలని నియమం పెట్టినవాడూ ఆయనే.

పంచాయతీ ఆఫీసు ముందర జనాన్ని కూర్చోబెట్టి పటేలు జాబితా చదివాడు. ఇరవై ఒక్క ఇంటిపేర్లు. మొదట ఆయనదే. దాని కింద ఏడుగురు. తాత, తండ్రి, ఇద్దరు ఇంజనీర్లు, ఒక డాక్టరు, ఒక తాసిల్దారు, చివర ఆయన చెల్లెలు, హైదరాబాదులో పెద్ద వకీలు. చదవడం అయిపోయాక గోడకు ఆనుకుని నిలబడ్డ పెంటయ్య గొంతు సవరించుకున్నాడు.

"మా ఇంటిపేరు రాలే పటేలా."

"లేకనే రాలే పెంటయ్యా. మీ ఇంట్ల ఎవలున్నరో చెప్పు, ఇప్పుడే రాస్త."

"ఈ బడి గోడలకు మట్టి తడిపిన నీళ్ళు మా తాత బొక్కెనతోనే తోడిన్రు."

"నీళ్ళు తోడినోళ్ళను, మన్ను మోసినోళ్ళను రాసుకుంట పోతే రాయి సాలదు, గుట్ట కావాలె."

జనం నవ్వారు. పెంటయ్య పక్కన నిలబడ్డవాడు కూడా నవ్వి, పెంటయ్య మొఖం చూసి ఆపుకున్నాడు.

"నువ్వు పరేషాన్ గాకు," అన్నాడు పటేలు, నవ్వించిన హుషారులో. "ఇంక ఎనిమిది దినాలున్నయి. వచ్చే శుక్రవారం పొద్దుగూకేదాంక చూస్త. ముగ్గురు ప్రముఖులను తే. తెస్తే నా చేతులతోని మీ ఇంటిపేరు అందరికన్న పైన రాస్త. శనివారం చెక్కేటాయన వస్తడు. రాతి మీద ఒక్కసారి చెక్కినంక మల్ల అతుకులేసుడు ఉండదు. తేకుంటే మాత్రం నన్ను అనొద్దు. ఉత్త బొక్కెనకు రాయెందుకు?"

ఈ నవ్వు పెంటయ్యకు అలవాటే. దులుపుకొని పోయేవాడే. కానీ ఇంటికి వచ్చేసరికి మనీషా గడప మీద కూర్చుని ఉంది, పుస్తకం ఒళ్ళో మూసి ఉంది. బడిలో ఆమెదే మొదటి ర్యాంకు, గొంతు ఖంగుమంటుంది. ఉత్సవం రోజు రాయి మీద బట్ట తీయగానే పేర్లన్నీ మైకులో చదివే పని హెడ్మాస్టరు ఆమెకే ఇచ్చాడు.

"నేను చదువ బాపు," అంది.

"ఎందుకు బిడ్డా?"

"ఇరవై ఒక్క ఇండ్ల పేర్లు ఊరంత వినంగ చదివి, మా ఇంట్ల మాత్రం ఎవ్వల్లేరని నా నోటితోనే చెప్పాల్నా? ఆ దినం బడికే పోను. ఆ రాయి గేటు కాడ ఉన్నన్ని దినాలు పోను."

పదో తరగతి పరీక్షలు నెల రోజుల్లో ఉన్నాయి. ఆ పిల్ల మాటంటే మాటే. అది వాళ్ళ నాయినమ్మ ఉప్పలమ్మ నుంచి వచ్చిన గుణం. పెంటయ్య రుమాలు దులిపి భుజాన వేసుకున్నాడు.

"ముగ్గురే గదా. తెస్త."

పత్తి మూడో ఏరుడు చేలోనే వదిలేసి, తెల్లారి జనగామ బస్సెక్కాడు. అక్కడ పెదనాయిన మనవడు శ్యాం మార్కెట్‌లో హమాలీ. బస్తా వీపు మీద ఉండగానే పెంటయ్య చెప్పిందంతా విన్నాడు, బస్తా దించాక నవ్వాడు.

"నా ఫొటో పేపర్ల ఒకసారి పడ్డది బాబాయ్. యూరియా లైన్ల. నా చెప్పులే లైన్ల ఉన్నయి, నేను చెట్టు కింద ఉన్న. చెప్పుల ఫొటో పడ్డది."

అట్నుంచి బచ్చన్నపేట దగ్గరే కదా అని మేనత్త రాజవ్వను పలకరించడానికి పోయాడు. డెబ్బయి దాటిన మనిషి, చెరువు కట్ట మీద నడుముకు చీర బిగించి నిలబడి ఎవరినో గద్దిస్తోంది. పెంటయ్యను చూసి ఇంటికి తీసుకుపోయి జొన్నరొట్టె, పచ్చిపులుసు పెట్టింది. "ఏం పని మీద వచ్చినవ్ పెంటిగా?" అని అడిగితే, "మనోళ్ళల్ల గొప్పోళ్ళు ఎవలన్న ఉన్నరా అని దేవులాడుతున్న అత్తా" అన్నాడు. రాజవ్వ ఇంకో రొట్టె వేసింది. "దొరికితే చెప్పు, నేను గూడ చూస్త," అంది.

మర్నాడు మానుకోట. మహబూబాబాద్ అని బోర్డుల మీద ఉంటుంది గానీ మనుషుల నోట్లో మానుకోటే. అక్కడ చిన్నాయిన కొడుకు యోహాను మిర్చి యార్డులో వాచ్‌మెన్. ఆదివారం చర్చిలో డప్పు కొడతాడు. మిర్చి ఘాటుకు తుమ్ముతూ ఆలోచించి, "మోషే సముద్రాన్ని చీల్చిండు, గని ఆయన ఇంటిపేరు మనది గాదు గదనే," అన్నాడు. ఇంకో తుమ్ము తుమ్మి, "మన పేరు మీద గొప్పోడు పుట్టాలంటే ఇంక నా కొడుకే పుట్టాలె. వానికి ఇప్పుడు మూడేండ్లు," అన్నాడు.

ఆ పూట సొంత చెల్లెలు కల్పన ఇంట్లో తిన్నాడు. కల్పన ఒక తండా సబ్‌సెంటర్‌లో నర్సు. అన్నం పెడుతూనే రెండుసార్లు ఫోన్ ఎత్తింది. రెండోసారి, "నొప్పులు మొదలైతే నన్ను అడుగుడేంది, బయలుదేరు, నేను ఎదురొస్త," అని అన్నకు మజ్జిగ గిన్నె చేతికిచ్చి బండెక్కి పోయింది. పెంటయ్య మజ్జిగ తానే పోసుకొని, గిన్నె కడిగి బోర్లించి, తాళం పక్కింట్లో ఇచ్చి వచ్చాడు.

మూడో రోజు భూపాలపల్లి. అక్కడ వరుసకు తమ్ముడు సాయికుమార్ బొగ్గు గనిలో కాంట్రాక్టు కూలి. పాపం మంచివాడు. "నన్ను రాయన్నా, నేనేమనుకోను," అన్నాడు. "ఏమని రాయాలె తమ్మీ?" అంటే చాలాసేపు ఆలోచించి, "రాయకులే" అన్నాడు. ఇంతదూరం వచ్చావు, గోదావరిలో మునిగి పో అని కాళేశ్వరం బస్సెక్కించాడు. కాళేశ్వరం ఘాటు దగ్గర ఇంకో చిన్నాయిన బిడ్డ సమ్మక్క కొబ్బరికాయలమ్ముతుంది. మోచేతుల దాకా గాజులు. అన్నకు చేపల కూరతో అన్నం పెట్టింది. తింటుంటే రేవులో ఎవరో కేక వేశారు. సమ్మక్క దుకాణం వదిలి పరుగున పోయి, కాసేపటికి తడి చీరతో వచ్చింది. "ఏమైంది చెల్లే?" అని అడిగాడు. "ఏంలే అన్నా. ఒకాయన లోతుకు పోయిండు. కూర సరిపోయిందా?" అంది.

సరిపోయిందన్నాడు. ఇంకొంచెం పులుసు కూడా పోయించుకున్నాడు.

సోమవారం ఇంటికొచ్చి నులక మంచంలో కూలబడ్డాడు. మూడు జిల్లాల దుమ్ము మొఖం మీద ఉంది. మనీషా అడగలేదు. మంచినీళ్ళ చెంబు ఇచ్చి లోపలికి పోయింది. ఆ అడగకపోవడం పెంటయ్యకు పటేలు నవ్వుకంటే ఎక్కువ గుచ్చుకుంది.

ఉప్పలమ్మ అరుగు మీద కూర్చుని రైక గుడ్డలు వేరు చేస్తోంది. ఎనభై ఏళ్ళ ముసలి. మూడేళ్ళకోసారి ఇంటి ఆడబిడ్డలకు ఒడిబియ్యం పోసే ఏడు ఇదే. పెళ్ళయి పోయిన బిడ్డను పుట్టింటికి పిలిచి, పసుపు కలిపిన బియ్యం దోసిళ్ళతో ఒళ్ళో పోసి, చీర పెట్టి పంపుతారు. ఎన్ని పనులున్నా, ఎంత కరువున్నా ఆ ఇంట్లో ఇది తప్పలేదు.

"ఎక్కడెక్కడ తిరిగినవ్ రా?" అంది ముసలి.

పెంటయ్య చెప్పాడు. శ్యాం, యోహాను, సాయికుమార్. తమ ఇంటితో కలిపి నాలుగిళ్ళు. నాలుగిళ్ళలో ప్రముఖుడి జాడ లేదు.

"తిండేడ తిన్నవ్?"

"బచ్చన్నపేటల అత్త ఇంట్ల. మానుకోటల కల్పన ఇంట్ల. కాళేశ్వరంల సమ్మక్క తాన."

ఉప్పలమ్మ కళ్ళు మూసుకుని, తెరిచి, కొడుకును పైనుంచి కిందికి చూసింది.

"సంకల పిల్లను పెట్టుకొని ఊరంత దేవులాడినట్టుంది నీ ఎవ్వారం. మనీషా, దూలానికి ఉన్న మోకు తియ్యి."

మోకు అంటే ఒకప్పుడు మోట గుంజిన తాడు. బొక్కెన ఎప్పుడో చివికిపోయింది, మోకు మాత్రం దూలానికి వేలాడుతోంది. దానికి రంగురంగుల గుడ్డ పీలికలు కట్టి ఉన్నాయి. పెంటయ్య చిన్నప్పటి నుంచి చూస్తున్నాడు. దిష్టికి కట్టారేమో అనుకున్నాడు. మనీషా దించి అరుగు మీద పెట్టింది.

"ఈ ఇంట్ల బిడ్డ పుట్టి పెండ్లయి పోయినప్పుడు, మొదటి ఒడిబియ్యం నాడు పెట్టిన రైకలోంచి ఒక పీలిక చింపి దీనికి కడతం. మా అత్త కట్టింది, నేను కడుతున్న. బతికున్నోళ్ళు పద్నాలుగు మంది. నాకు చదువు రాదు, గిదే నా కాయితం." ముసలి ఒక పచ్చ పీలిక పట్టుకుంది. "ఇది రాజవ్వ. నీ మేనత్త. మొగడు నీరటి పని చేసిండు, చెరువు నీళ్ళు పంచేటోడు. ఆయన పోయినంక ఆడమనిషి ఏం చేస్తదన్నరు. నీళ్ళల్లకు మునిగి తూము తెరిచింది. ముప్పై ఏండ్లాయె. ఎప్పుడన్న చెరువు నీళ్ళ కాడ తలకాయ పగిలిందని విన్నవా బచ్చన్నపేట దిక్కు?"

"లేదు."

"చివరి మడికి ముందుగాల ఇస్తది, తూము కింది మడికి ఆఖరికిస్తది. గందుకు పగలలే. ఇగ ఇది కల్పన. నా కడుపుల పుట్టింది, నేనేం చెప్పాలె. తండాల పోయి అడుగు. ఇది సమ్మక్క. దాని చేతికున్న గాజులు సూసినవా?"

"సూసిన. మస్తుగున్నయి."

"కొనుక్కుందనుకున్నవా? గోదాట్ల మునిగెటోళ్ళను గుంజి తీస్తది. బతికినోడు మల్ల ఏడు వచ్చి ఒక గాజు ఏసి పోతడు. లెక్కపెట్టుకోలేదా?"

పెంటయ్య లెక్కపెట్టుకోలేదు. తన కళ్ళముందే తడి చీరతో వచ్చిన మనిషిని కూర సంగతి మాట్లాడి వదిలేశాడు. వెంటనే చెల్లెలికి ఫోన్ కొట్టాడు.

"నాకెందుకు చెప్పలే కల్పనా?"

"మనోళ్ళల్ల ఎవలన్న ఉన్నరా అన్నవ్ గని, నువ్వున్నవా అనలే గదన్నా." అవతల ఎవరో పసిబిడ్డ ఏడుపు వినిపించింది. "పెండ్లయినంక నేను తండాల గుగులోతులోళ్ళకు నర్సమ్మను, మీ బావ ఇంటిపేరుకు కోడల్ని. బొక్కెనల అని పిలిచినోళ్ళు లేరు. నేనే మర్చిపోతున్న."

మనీషా పక్కనే నిలబడి విన్నది. గడప మీద మూసి పెట్టిన పుస్తకం తీసుకుని లోపలికి పోయింది. దీపం దగ్గర కాదు, పెంటయ్య కనిపించే చోటే కూర్చుని చదవడం మొదలుపెట్టింది. పూర్తిగా నమ్మినట్టు కాదు. వింటున్నట్టు.

మర్నాడు పొద్దున్నే పెంటయ్య బడికి పోయాడు. కమిటీ హెడ్మాస్టరు గదిలో కూర్చుని ఉంది. మూడు పేర్లు చెప్పాడు. పటేలు అద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"మంచోళ్ళే కావచ్చు. గని వాళ్ళు ఇప్పుడు మీ ఇంటిపేరోళ్ళు కారు గద. ఆధార్ల ఏముంటే అదే. పెండ్లి చేసి పంపినంక బిడ్డ అవతలి ఇంటిది."

"అట్లనా?"

"అట్లనే. నియమం నియమమే."

"అయితే మీ జాబితల ఏడో పేరు కొట్టేయాలె పటేలా."

ఏడో పేరు వకీలమ్మది. ఆమె పెళ్ళయి పాతికేళ్ళు దాటింది, ఆమె మొగుడి ఇంటిపేరు వేరే. హెడ్మాస్టరు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని దగ్గాడు.

"మా చెల్లె సంగతి వేరు," అన్నాడు పటేలు.

"ఎట్ల వేరు? మీ చెల్లె మీకు చెల్లె, మా చెల్లె మాకు పరాయిదా? సస్తే మీద కప్పే చీర తల్లిగారింటి నుంచే పోవాలె. మూడేండ్లకోసారి ఒళ్ళె బియ్యం తల్లిగారింటోళ్ళే పొయ్యాలె. బియ్యానికి మాది, బట్టకు మాది, రాయికొచ్చేసరికి మాది గాదా? వకీలమ్మ ఉంటే మావోళ్ళుంటరు. మావోళ్ళు లేకుంటే వకీలమ్మ లేదు. ఏదంటే అది, నాకు కోపం లేదు."

పెంటయ్య అంత పొడుగు మాట ఆ గదిలో ఎప్పుడూ మాట్లాడలేదు. మాట్లాడాక కుర్చీ పట్టుకున్నాడు.

పటేలు ఓడిపోయే మనిషి కాదు. వేరే దారి పట్టాడు. "సరే. ఆడోళ్ళను ఒప్పుకుంటం. గని ప్రముఖులని సాక్ష్యమేది? అవార్డు కాయితం, పేపర్ల వార్త, ఏదో ఒకటి చూపియ్యి. నీళ్ళు పంచిన, పురుడు పోసిన అని ఎవలైన అంటరు."

కాగితం లేదు. ఆ ముగ్గురికీ ఎవరూ ఏ కాగితం ఇవ్వలేదు. పెంటయ్య కుర్చీ వదిలేశాడు.

"శుక్రవారం మా ఆడబిడ్డలకు ఒడిబియ్యం. మా వాకిలి ఇరుకు. సారు ఒప్పుకుంటే బడి మైదానంల పోస్తం. మీరు వచ్చి కూసోండ్రి. ఎవలేందో మీ కండ్లతోనే చూసుకోండ్రి."

పటేలు నోరు తెరిచేలోపే హెడ్మాస్టరు, "బడి అయిపోయినంక నాలుగింటికి పెట్టుకో పెంటయ్యా," అన్నాడు.

ఉప్పలమ్మ ప్రతి ఆడబిడ్డకూ మనీషాతో ఫోన్ చేయించి ఒకే మాట చెప్పింది. "ఒక్కదానివి రాకు. నీకు మొక్కేటోళ్ళు ఎవలన్న ఉంటే ఎంట తే." శ్యాం వాళ్ళు ముగ్గురికీ కూడా ఫోన్ పోయింది. వాళ్ళకు చెప్పింది వేరు. "చాపలు, గంగాళాలు మోయాలె. పొద్దున్నే రండ్రి."

శుక్రవారం నాలుగింటికి మైదానంలో చాపలు పరిచారు. పద్నాలుగు మందిలో పదమూడు మంది వచ్చారు. రాని ఒకామె బాలింత. పటేలు, కమిటీ వాళ్ళు వరండాలో కుర్చీల్లో కూర్చున్నారు. మొదట పది నిమిషాలు ఆడబిడ్డలు తప్ప ఎవరూ లేరు. పటేలు గడియారం చూసుకున్నాడు. పెంటయ్య గేటు చూశాడు. మనీషా నాయినమ్మ పక్కన మోకు పట్టుకుని కూర్చుంది, చూపు ఎత్తలేదు.

అప్పుడు గేటు ముందర ట్రాలీ ఆటో ఆగింది. బచ్చన్నపేట రైతులు తొమ్మిది మంది దిగారు. ఇద్దరు ఒక బస్తా దించి మైదానం మధ్యకు మోసుకొచ్చారు.

"రాజవ్వ ఒళ్ళె పోసే బియ్యం ఏడియి?" అని అడిగాడు వాళ్ళలో పెద్దాయన.

"మా ఇంటియి," అంది ఉప్పలమ్మ.

"మీయి కలుపుకో అవ్వా, గని ఇయ్యి ముందుగాల పొయ్యాలె. మా చెరువు కింద చివరి మడిల పండినయి. నాది చివరి మడి. ఈమె లేకుంటే అండ్ల తుంగ మొలుసు."

రాజవ్వ మాత్రం చాప మీద కూర్చోకుండా దూరంగా నిలబడి ఉంది. మొగుడు పోయిన ఆడదానికి ఒడి నింపరని లోకం అంటుంది. వచ్చిన ముత్తైదువలు ఒకరి మొఖం ఒకరు చూసుకున్నారు. ఉప్పలమ్మ లేచి, ఆడబిడ్డ చెయ్యి పట్టుకుని తెచ్చి మధ్యలో కూర్చోబెట్టింది.

"మొగడు పోతే పోయిండు. తల్లిగారిల్లు పోయిందా?" అని మొదటి దోసిలి తానే పోసింది. ఆ తర్వాత ఎవరూ ఆలోచించలేదు.

అంతలో ట్రాక్టరు వచ్చింది. మానుకోట దగ్గరి తండా నుంచి ఇరవై మంది, సగం పిల్లలే. ముందు దిగిన భీమ్లా వరండా వైపు చేతులు జోడించాడు. అతని పెండ్లాం నీలి ఒక పిల్లను కల్పన మీదికి తోసి, తమ భాషలో ఏదో గద్దించింది. ఆ పిల్ల వచ్చి కల్పన కొంగు పట్టుకుంది.

"ఈ ట్రాక్టరు నాదే సారూ," అన్నాడు భీమ్లా పటేలుతో. "మా నీలికి నొప్పులొచ్చిన దినం నా కాలు విరిగి మంచంల ఉన్న. వాగు పొంగి అంబులెన్స్ అవతల్నే ఆగింది. నర్సమ్మకు ట్రాక్టరు రాదు. నేను మంచంల పండుకొని క్లచ్చు ఏది, గేరు ఏది అని ఫోన్ల చెప్పిన, ఆమె నేర్చుకుంట నడిపింది. పదకొండు కిలోమీటర్లు, చుట్టు తిరిగి. దారిల ఒక కంచె, రెండు అరటిచెట్లు పోయినయి. నా బిడ్డ పోలే."

"ఈ పదహారేండ్లల్ల మా తండాల ఒక్క బాలింత సావలే," అంది నీలి తెలుగులో, ఒక్కో మాటా నొక్కి.

మనీషాకు ఏం తోచిందో, లేచి "కల్పనా" అని గట్టిగా పిలిచింది. నర్సు కల్పన తిరిగింది. కొంగు పట్టుకున్న పిల్ల తిరిగింది. ట్రాక్టరు దగ్గర ఇద్దరు తిరిగారు. ట్రాలీలో ఇంకా దిగని ఒక బుడ్డది తల పైకెత్తి "ఆఁ" అంది. తండాలో నలుగురు పిల్లలకు ఆ పేరే పెట్టుకున్నారు. మైదానమంతా నవ్వింది. ఆ నవ్వు పెంటయ్య ఎరిగిన నవ్వు కాదు. హెడ్మాస్టరయితే కళ్ళజోడు తీసేసి నవ్వాడు.

సమ్మక్క వెంట వచ్చింది ఒక్కడే, మంథని దిక్కు పంతులు. ఆయన ఎక్కువ మాట్లాడలేదు. కిందటేడు పుష్కర ఘాటు కింద తాను మునిగాననీ, ఊపిరి పోయిందనుకున్నాననీ, జుట్టు పట్టుకుని ఎవరో గుంజారనీ చెప్పి, జేబులోంచి ఆకుపచ్చ గాజు తీసి సమ్మక్క చేతికి తొడిగాడు.

"ఎన్నయినయి?" అని అడిగాడు పటేలు. వరండా దిగి ఎప్పుడు వచ్చాడో ఎవరూ చూడలేదు.

సమ్మక్క చెయ్యి చాపింది. "లెక్కపెట్టలే పటేలా. కొన్ని పగిలిపోయినయి."

పటేలే లెక్కపెట్టాడు. రెండు చేతులకూ కలిపి ముప్పై నాలుగు. లెక్క పూర్తయ్యాక కాసేపు ఆ చెయ్యి వదల్లేదు. ముసలి ఉప్పలమ్మ పసుపు బియ్యం గంప ఆయన ముందుకు జరిపింది. పటేలు దోసిలి పట్టి, సమ్మక్క ఒళ్ళో పోశాడు.

"ఇంక పొద్దుగూకలే," అంది మనీషా. ఆయన తిరిగి చూశాడు. ఆ పిల్ల చేతిలో సుద్దముక్క ఉంది. "పైన రాస్తనన్నరు. మీ చేతులతోనే అన్నరు."

రాయి గేటు పక్కనే ఇటుకల మీద పండుకోబెట్టి ఉంది, రేపటి చెక్కుడుకు పేర్లన్నీ సుద్దతో రాసి సిద్ధంగా. పైన ఒక జానెడు జాగా వదిలారు, దేవుడి బొమ్మకని. పటేలు మోకాళ్ళ మీద వంగాడు. ఆ రాయి ముందర ఆయన వంగడం ఊరంతా చూసింది. బొక్కెనల అని రాశాడు. కింద రాజవ్వ, కల్పన, సమ్మక్క. రాత గుండ్రంగా, ముత్యాల్లా ఉంది. ఎంతైనా ఆ కాలం చదువు.

"దేవుడేడికి పోవాలె?" అన్నాడు కమిటీలో ఒకడు.

"ఆయన జర సర్దుకుంటడు తీ," అన్నాడు పటేలు.

ఉత్సవం రోజు బట్ట తీశారు. మనీషా మైకు పట్టుకుని మొదటి పేరు చదివింది. "బొక్కెనల." ఆగింది. ఆగాలని ముందే అనుకున్నట్టుంది. వెనక బెంచీ పిల్లలంతా అక్కడే ఉన్నారు. ఎవరూ నవ్వలేదు. మిగతా పేర్లు ఒకదాని తర్వాత ఒకటి, ఇరవై రెండు ఇళ్ళూ, ఒక్క అక్షరం మింగకుండా చదివింది. పటేలు చెల్లెలి పేరు దగ్గర మరింత గట్టిగా చదివింది. ఆ వకీలమ్మ హైదరాబాదు నుంచి వచ్చి ముందు వరసలోనే కూర్చుంది. సభ అయ్యాక సమ్మక్క గాజులు, కల్పన చుట్టూ ఉన్న కల్పనలను చూసి అన్న వైపు తిరిగింది.

"అన్నా, నాకు ఒడిబియ్యం పోసి ఎన్నేండ్లాయె?"

పటేలు రుమాలుతో మొఖం తుడుచుకున్నాడు. "వచ్చే శుక్రవారం దాంక ఉండిపో," అన్నాడు.

జనం పలచబడ్డాక పెంటయ్య తల్లిని రాయి దగ్గరికి తీసుకుపోయాడు. ఉప్పలమ్మకు చదువు రాదు కదా, మనీషా ఆమె చూపుడు వేలు పట్టుకుని చెక్కిన అక్షరాల గాడిలో తిప్పింది. ఇది బొక్కెనల. ఇది రాజవ్వ. ఇది కల్పన. ముసలి వేలు ఒక్కో గాడిలో నెమ్మదిగా నడిచింది. సమ్మక్క పేరు చివర ఆగింది.

"నా పేరేది?"

మనీషా తండ్రిని చూసింది. పెంటయ్య తల గోక్కున్నాడు.

"నువ్వు ఈ ఇంటి కోడలివి గదనే అవ్వా. నీ పేరు నీ తల్లిగారి ఊర్ల రాయి మీద ఉండాలె."

"ఆ ఊర్ల రాయుందా?"

"లేదనుకుంట."

ఉప్పలమ్మ కొంగు నడుముకు దోపింది. "మరి ఏం సూస్తున్నవ్? బస్సు ఎన్ని గంటలకుంది?"